కిటికీ పట్టు



స్క్రీన్‌షాట్ అనే మాటకు "తెరపట్టు" అని వ్రాయడం మనలో చాలామందికి అలవాటయింది. ఆ మాటను తొలుత కూర్చినవారెవరో గాని, వారికి నా జోతలు. తెర అనే మాటలో ఒక చమత్కారం ఉంది. నాటకంలో తెర మరుగుపరుస్తుంది, సినిమాలో తెర చూపిస్తుంది. సముద్రానికి వచ్చేసరికి తెర అంటే అల. దాచేదీ, చూపేదీ, నిలువనిదీ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి. ఇక పట్టు సంగతి మీకు చెప్పనక్కరలేదు. పట్టుకోవడమూ పట్టే, పట్టుదలా పట్టే, పట్టుబట్టా పట్టే.

అయితే నేడు నేను చెప్పదలచినది తెరపట్టును గురించి కాదు. తెర మీద ఉండే అనేకమైన కిటికీలలో ఒక్కదానిని మాత్రమే పటంగా పట్టుకోవడం గురించి. దీనికి కిటికీపట్టు అని పేరు పెట్టుకున్నాను. తెలుగు పండితునికి ఈ విద్యతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. పని పడింది. ఆ పనిలో కొంత గెలిచాను, కొంత ఓడిపోయాను. ఓడిపోయినది ఎట్లాగో చెప్పడానికే ఈ టపా.

ముందుగా మాట సంగతి చూద్దాం. కంప్యూటరు తెర మీది చట్రాన్ని ఆంగ్లంలో విండో అన్నారు. ఆ మాట పాత నార్స్ భాషలోని విండౌగ నుంచి వచ్చింది. దాని అర్థం గాలికన్ను. మనకు సంస్కృతం నుంచి వచ్చిన గవాక్షం ఆవుకన్ను. గో శబ్దానికి అక్ష శబ్దం కలిస్తే గవాక్షం ఎట్లా అవుతుందో పాణిని ఒక సూత్రంలో చెబుతూ స్ఫోటాయనుడనే పూర్వాచార్యుని స్మరించాడు. విద్వాన్ పరీక్షకు చదివే రోజులలో ఆ పేరు నోరు తిరగక తంటాలు పడేవాళ్ళం. వాతాయనమంటే గాలి వచ్చే దారి. మనం వాడే కిటికీ హిందీ ఖిడికీకి చుట్టం. ఎక్కడో ఉత్తరాన మంచుదేశంలోని వారికీ, ఇక్కడి మనవారికీ గోడలోని రంధ్రాన్ని చూడగానే కన్నే గుర్తుకు రావడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది. కంటి మీద రెప్ప పడితే ఏమీ కనబడదు. ఈ కథ అంతా ఆ రెప్పపాటులోనే ఉంది.

ఇక కథలోకి వస్తాను.

శామీర్‌పేట ప్రాంతంలో పనిచేసిన కాలంలో నాకు ఒక వ్యసనం పట్టుకుంది. పల్లెల్లో రైతులు, నీరడులు, గొల్లలు వాడే మాటలను చిన్న చీటీల మీద వ్రాసి దాచుకునేవాణ్ణి. బడిలో నేను చెప్పే తెలుగుకూ, పిల్లలు ఇంటి నుంచి తెచ్చే తెలుగుకూ నడుమ ఉన్న దూరమే దానికి కారణం. "కంచె" అన్న మాటకు పాఠ్యపుస్తకంలో ముళ్ళకంపల ఆవరణ అని అర్థం ఉండేది. మా పిల్లలకు కంచె అంటే పశువులు మేసే బీడు. తప్పు అని దిద్దబోయి, ఆగి, ఆ రోజే మొదటి చీటీ వ్రాశాను. ఆ తరువాత చెలక, తరి, శికం, బంచరాయి, ఒరం, మత్తడి, తూము, గెట్టు, మోటబావికి సంబంధించిన తొండం, గిరక, ఇట్లా చీటీలు పెరిగాయి. శామీర్‌పేట పెద్దచెరువు కట్ట మీద కూర్చుండి ఒక ముసలి నీరడి చెప్పిన మాటలే వాటిలో మూడవ వంతు ఉంటాయి. చెరువు నీటిని ఏ మడికి ఎంతసేపు వదలాలో చూసే మనిషి ఆయన. నేను వ్రాసుకుంటుంటే నవ్వేవాడు. "గివి గూడ రాసుకుంటరా సారూ, గివి అందరికి ఎర్కే గద" అనేవాడు. అందరికీ ఎరుకే అనుకున్న మాటలే ముందుగా పోతాయని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

1999 లో నా పూర్వవిద్యార్థి ఒకడు విజువల్ బేసిక్ 6 నేర్చుకుని, గురుదక్షిణగా ఒక చిన్న నిఘంటు కార్యక్రమాన్ని తయారుచేసి ఇచ్చాడు. పైన మాట, కింద ఒక పెట్టెలో అర్థం, అడుగున "ముందు", "తరువాత" అని రెండు మీటలు. అంతే. ఆనాటికి మన చేతిలో యూనికోడ్ లేదు. నిజానికి 1991 నాటి యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గదులు కేటాయించి ఉంచారు. కాని ఆ గదులలో మనం కాపురం పెట్టడానికి విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఖతి, తరువాత పోతన, వేమన ఖతులు, లేఖిని వంటి పనిముట్లు రావలసి వచ్చింది. 1999 లో ఉన్నవి అచ్చుపనికి ఉద్దేశించిన ఖతులు. వాటిలో తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలు కూర్చుని ఉండేవి. తెర మీద తెలుగులా కనబడేది. నకలు తీసి వేరొకచోట అతికిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు రాలేవి.

ఆ ఖతుల సాఫ్ట్‌వేరుకు తాళంచెవి వంటి చిన్న ముక్క ఒకటి ఉండేది. దానిని డాంగిల్ అనేవారు. ప్రింటరు తీగ తగిలించేచోట దానిని తగిలిస్తేనే తెలుగు కనబడేది. నా శిష్యుని నిఘంటువు కూడా దాని మీదే ఆధారపడి నడిచేది. చీటీలలోని 1,412 మాటలనూ రెండేళ్ళ పాటు సాయంకాలాలలో ఎక్కించాను. ఎవరూ చెరపకుండా ఉండాలని నా శిష్యుడు ఆ ఫైలుకు తానే ఒక తాళం కూడా వేశాడు. ఎక్కించడం పూర్తయినాక శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు ఇల్లు మారాము. అప్పుడు ఆ చీటీలన్నిటినీ చిత్తుకాగితాల మనిషికి తూకం వేసి ఇచ్చివేశాను. కంప్యూటరులో ఉన్నాయి కదా, మళ్ళీ ఇవెందుకని అనుకున్నాను. నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనులలో దీనికి అగ్రతాంబూలం ఇస్తాను.

2008 లో ఆ శిష్యుడు అనారోగ్యంతో కన్నుమూశాడు. తాళం సంగతి అతనితోనే పోయింది. ఖతుల సంస్థ కూడా తరువాత మూతపడింది. నా పాత కంప్యూటరు మాత్రం ఎక్స్‌పీతో మూలుగుతూ నడుస్తూ వచ్చింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8 తో తిలోదకాలిచ్చింది. నేను ఇవ్వలేదు. ఉద్యోగవిరమణ తరువాత, 2019 వేసవిలో, దీనిని ఎట్లాగైనా యూనికోడ్‌లోకి తేవాలని కూర్చున్నాను. ఫైలు తెరుచుకోదు, నకలు పనిచేయదు, అచ్చువేసే మీట శిష్యుడు పెట్టనే లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. కంటికి కనబడేదానిని బొమ్మగా పట్టుకోవడం.

ఆల్ట్ మీటను నొక్కి ఉంచి ప్రింట్ స్క్రీన్ నొక్కితే ముందున్న కిటికీ మాత్రమే బొమ్మగా నకలవుతుందని మీకు తెలుసు. పెయింట్‌లో అతికించి, పేరు పెట్టి, భద్రపరచి, మళ్ళీ "తరువాత" నొక్కాలి. ఒక రోజంతా కూర్చుంటే 90 బొమ్మలు వచ్చాయి, భుజం పట్టేసింది. ఇంజనీరింగు చదువుతున్న మా పక్కింటి పిల్లవాడు చూసి, "సార్, మీరు చేత్తో నొక్కుడెందుకు, నేను ప్రోగ్రాం రాసిస్త" అన్నాడు. వాడు వ్రాస్తూ చెప్పిన సంగతులను నేను నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. పాఠం చెప్పినవాడు పాఠం వింటే ఎట్లా ఉంటుందో ఆ వారం రోజులూ తెలిసింది.

ప్రతి కిటికీకీ వ్యవస్థ ఒక సంఖ్యను ఇస్తుంది. దానిని హ్యాండిల్ అంటారు. మన భాషలో పిడి అనవచ్చు. కిటికీ పేరు చెప్పి వెదికితే పిడి దొరుకుతుంది. పిడి పట్టుకుని ఆ కిటికీ నాలుగు అంచులూ తెర మీద ఎక్కడున్నాయో కొలత అడగాలి. ఆ కొలతకు సరిపడే ఖాళీ పలకను స్మృతిలో సిద్ధం చేసుకోవాలి. ఆపైన తెర మీది చుక్కలను చుక్కకు చుక్కగా ఆ పలక మీదికి దింపాలి. ఈ దింపడానికి బిట్‌బ్లిట్ అని పేరు. 1975 లో జెరాక్స్ పరిశోధనాలయంలో డాన్ ఇంగాల్స్ అనే ఆయన ఆల్టో అనే యంత్రం కోసం దీనిని రూపొందించారట. అప్పటికి నేను బడిపిల్లవాణ్ణి, పలక మీద బలపంతో దిద్దిన రోజులు ఇంకా మరువలేదు. పలక నుంచి పలకకు దింపుకోవడం అక్కడా ఇక్కడా ఒక్కటే అనిపించింది.

పిల్లవాని ప్రోగ్రాము "తరువాత" మీటను తానే నొక్కుతుంది, బొమ్మ తీస్తుంది, సంఖ్యను పేరుగా పెట్టి భద్రపరుస్తుంది. మొదట 50 మాటలతో పరీక్షించాము. వాడు సంతోషంగా చూపించాడు. నేను చదవడం మొదలుపెట్టాను. ఆరవ బొమ్మలో "శికం" అని మాట, కింద "ఊరి పొలిమేర, సరిహద్దు ప్రాంతం" అని అర్థం. శికం అంటే చెరువు లోపలి భూమి, నీరు తగ్గినప్పుడు బయటపడేది. పొలిమేర అన్నది దాని ముందరి మాటయిన శివారుకు అర్థం. మాట మారింది, అర్థం మారలేదు. నా గుండె జారింది. ఇట్టి బొమ్మలను నమ్మి నిఘంటువు కడితే ఒకరి పెళ్ళిలో మరొకరికి బాసికం కట్టినట్లవుతుంది.

కారణాన్ని పిల్లవాడే కనిపెట్టాడు. మీట నొక్కగానే కిటికీ అంతా ఒక్కసారిగా మారదు. ముందు పై మాటను గీస్తుంది, తరువాత పెట్టెలోని అర్థాన్ని గీస్తుంది. ఆ రెండింటి నడుమ మన బిట్‌బ్లిట్ వచ్చి పడితే సగం కొత్త, సగం పాత. మనుష్యుల కంటికి అందని వ్యవధి అది, యంత్రానికి మాత్రం అందుతుంది. అందుకు రెండు ఉపాయాలు చేశాడు. నొక్కిన తరువాత కొంతసేపు ఆగడం ఒకటి. వెంటవెంటనే రెండు బొమ్మలు తీసి, రెండూ చుక్క చుక్కా సమానమైతేనే భద్రపరచడం రెండవది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితేనే నమ్మడమన్నమాట.

మరో లోపం నేను పట్టాను. ఒత్తులూ సున్నాలూ మసకగా ఉన్నాయి. బొమ్మలను జేపెగ్ పద్ధతిలో భద్రపరచడమే దానికి కారణం. ఆ పద్ధతి ఛాయాచిత్రాలకు మంచిది, అక్షరాలకు కాదు. అంచుల వద్ద చుక్కలను అటూ ఇటూ సర్ది బరువు తగ్గిస్తుంది. తెలుగు అక్షరానికి ప్రాణమంతా అంచులలోనే ఉంటుంది. ప-వ, మ-య, థ-ధ ఇవన్నీ చిన్న గీతతోనో చుక్కతోనో వేరుపడేవి కదా. పీఎన్‌జీ పద్ధతికి మారగానే అక్షరాలు మళ్ళీ కళ్ళు తెరిచాయి. ఇంకొక సంగతి. అర్థం పెద్దదైతే పెట్టెలో కొంతే కనబడి, మిగిలినది కిందికి జరిపితేనే కనబడేది. కిటికీపట్టులో కనబడినదే పట్టుబడుతుంది. ఉన్నదంతా రాదు. అట్టి మాటలకు కిందికి జరిపి రెండవ బొమ్మ తీసేలా సరిదిద్దాడు.

మిగిలినది అన్నిటికన్న పెద్ద చిక్కు. ఎక్స్‌పీ నాటి పద్ధతిలో కిటికీలన్నీ ఒకే తెర మీద గీసుకుంటాయి. ఒకదాని మీద ఒకటి కప్పుకుంటే, కప్పబడిన భాగం ఎక్కడా ఉండదు. పైది తొలగినప్పుడు, "నీ భాగాన్ని మళ్ళీ గీసుకో" అని వ్యవస్థ కిందిదానికి కబురు పంపుతుంది. 1985 లో వచ్చిన తొలి విండోస్‌లో కిటికీలు ఒకదాని పక్కన ఒకటి ఉండేవట. మీద పడటం 1987 నాటి రెండవ కూర్పుతో వచ్చింది. 2007 లో జనానికి అందిన విస్టాలో ప్రతి కిటికీకీ తెర వెనుక సొంత పలకను ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అప్పటినుంచి కప్పబడినా కిందిదాని రూపం చెరగకుండా ఉంటుంది. మాది ఎక్స్‌పీ. మా కిటికీకి సొంత పలక లేదు.

"ప్రింట్‌విండో అని ఒకటున్నది సార్. తెరను అడగకుండ కిటికీనే అడుగుతది, నీ బొమ్మ నువ్వే గీసియ్యి అని" అన్నాడు పిల్లవాడు. ప్రయత్నించాము. పై మాటా, చట్రమూ, మీటలూ చక్కగా వచ్చాయి. అర్థం ఉండవలసిన పెట్టె మాత్రం తెల్లగా వచ్చింది. కొన్ని రకాల పెట్టెలు ఆ కబురుకు సరిగా బదులివ్వవట. ఇక గత్యంతరం లేక, మా కిటికీని అన్నిటికన్న పైన ఉండమని ఆజ్ఞాపించి, నిద్రతెరను ఆపివేసి, తెర మీది చుక్కలనే దింపుకోవడానికి నిశ్చయించాము.

2019 మే నెలలో ఒక రాత్రి ఎనిమిది గంటలకు మొదలుపెట్టాము. ఒక్కొక్క మాటకు నాలుగు సెకన్ల చొప్పున 1,412 మాటలకు గంటన్నరకు పైగా పట్టింది. కాసేపు ఎదుట కూర్చున్నాము. తరువాత భోజనానికి లేచాము. తిరిగి వచ్చేసరికి పని పూర్తయి, సంచయంలో బొమ్మలన్నీ వరుసగా ఉన్నాయి. మొదటి ఇరవై చూశాను, చివరి ఇరవై చూశాను. సరిగ్గా ఉన్నాయి. పిల్లవాని వీపు తట్టాను. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని హాయిగా పడుకున్నాను.

మూడవ రోజు సాయంత్రం గాలివాన వచ్చింది. మా వీధిలోనే పిడుగు పడింది. కంప్యూటరు ఆపివేసి ఉన్నా తీగలు గోడకు తగిలించే ఉన్నాయి. ఆ దెబ్బకు లోపలి పలక కాలిపోయింది. దానికి తగులుకుని ఉన్న డాంగిల్ కూడా కాలిపోయింది. హార్డ్‌డిస్కు బ్రతికింది. దానిని తెచ్చి మరొక పాత యంత్రానికి తగిలించి చూశాము. నిఘంటువు మొదలవుతూనే తాళంచెవి లేదని చెప్పి మూసుకుంది. ఫైలు ఉంది, ప్రోగ్రాము ఉంది, చెవి లేదు. పిల్లవాడు నెల రోజులు ప్రయత్నించి చేతులెత్తేశాడు.

అయినా నేను దిగులుపడలేదు. బొమ్మలున్నాయి కదా. వారం తరువాత ఒక్కొక్క బొమ్మనూ చూస్తూ లేఖినిలో టైపు చేయడం మొదలుపెట్టాను. బొమ్మలోని అక్షరాలను యంత్రమే గుర్తుపట్టే టెసెరాక్ట్ వంటి పనిముట్లు తెలుగుకు కూడా ఉన్నాయి. కాని తెర బొమ్మలో అక్షరాలు మరీ చిన్నవి, పాత ఖతి రూపం వేరు. దిద్దడం కన్న వ్రాయడమే తేలికయింది. ఆరు వందల చిల్లర మాటల వద్దకు వచ్చాను. అక్కడ బొమ్మ నడుమ ఒక బూడిదరంగు పెట్టె కూర్చుని ఉంది. విద్యుత్తు పోయిందనీ, బ్యాటరీ మీద నడుస్తున్నదనీ యూపీఎస్ చేసిన హెచ్చరిక అది. తరువాతి బొమ్మలోనూ అదే. ఆ తరువాతా అదే. లెక్కపెట్టాను, మొత్తం 31.

ఆ రాత్రి మేము భోజనం చేస్తున్నప్పుడు రెండు నిమిషాలు కరెంటు పోయింది. ఇంట్లో మాకు ఆ సంగతి గుర్తు కూడా లేదు. మేడ్చల్‌లో వేసవి గాలులకు రెండు నిమిషాల కరెంటు ఎవరికి లెక్క? యూపీఎస్ తన ధర్మం తాను నెరవేర్చి హెచ్చరించింది, కరెంటు రాగానే తానే తప్పుకుంది. మా కిటికీని అన్నిటికన్న పైన ఉండమన్నాము గదా అని పిల్లవాణ్ణి అడిగాను. "దాన్ని గూడ గట్లనే రాసిన్రు సార్. ఇద్దరూ పైనుండాల్నంటే ఎనుక వచ్చినోడే పైకెక్కుతడు" అన్నాడు. ఇద్దరు సాక్షుల ఏర్పాటు కూడా పనిచేయలేదు. పెట్టె కదలకుండా ఉంది కాబట్టి రెండు బొమ్మలూ చుక్కకు చుక్క సరిపోయాయి. సాక్షులిద్దరూ నిజమే చెప్పారు. వారు చూసింది అదే మరి.

తప్పు పిల్లవానిది కాదు, యంత్రానిది కాదు. ముప్పై ఏళ్ళు జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. మొదటి పేజీ, చివరి పేజీ చూసి మార్కులు వేయరాదని కొత్త ఉపాధ్యాయులకు చెప్పినవాణ్ణి. నా నిఘంటువు విషయంలో నేను సరిగ్గా అదే పని చేశాను. ఆ మర్నాడే బొమ్మలన్నీ చూసి ఉంటే, ఆ 31 మాటలను మళ్ళీ తీయడానికి రెండు నిమిషాలు చాలేవి. యంత్రం బ్రతికి ఉన్నవి మూడు రోజులు. నాకు కావలసినది రెండు నిమిషాలు.

ఆ 31 లో 12 మాటలకు అర్థం చిన్నది. పెట్టె కిందిభాగాన్ని మాత్రమే కప్పడం వల్ల అవి బయటపడ్డాయి. 14 మాటలను నా జ్ఞాపకం నుంచీ, ఊళ్ళలో అడిగీ పూరించుకున్నాను. బంచరాయి అటువంటిదే. ఊరుమ్మడిగా పశువులు మేసే బంజరు అని చెప్పడానికి మేడ్చల్ సంతలో ఒక ముసలమ్మకు క్షణం పట్టలేదు. మిగిలినవి అయిదు. ఆ అయిదింటిలో నన్ను ఎక్కువగా బాధించేది "గెట్టు".

బొమ్మలో స్పష్టంగా ఉంది. "గెట్టు. 1. రెండు పొలాల నడుమ హద్దుగా వేసిన గట్టు." దాని కింద "2." అని అంకె ఉంది. ఆ అంకె పక్కనుంచి బూడిదరంగు పెట్టె మొదలవుతుంది. రెండవ అర్థం ఒకటి ఉందని నాకు తెలుసు. దానిని వ్రాసినవాణ్ణి నేనే. చెప్పినది ఆ ముసలి నీరడి అని కూడా గుర్తుంది. చెరువు కట్ట మీద, చింతచెట్టు నీడలో, చుట్ట ఆర్పి మరీ చెప్పాడు. ఏమి చెప్పాడో మాత్రం గుర్తు లేదు. వ్రాసుకున్నాను కనుక మరిచిపోయాను. వ్రాత ఉన్నదనే ధైర్యంతోనే మనసు దానిని వదిలివేసింది.

శామీర్‌పేట వెళ్ళాను. మేడ్చల్ నాగపూరు రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. వెనుకటి రోజులలో ఈ రెండింటి నడుమ పల్లెదారులలో బస్సు మారి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఔటర్ రింగురోడ్డు రెండింటినీ కలుపుతుంది. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా అని వ్రాసుకున్న ఊళ్ళు 2016 అక్టోబరు నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయ్యాయి. చెరువు ఉంది, కట్ట ఉంది, సెలవురోజున కట్ట మీద నగరం నుంచి వచ్చినవారి సందడి ఉంది. నీరడి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మనుమడు రోడ్డు పక్కన టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. గెట్టు గురించి అడిగాను. ఆప్యాయంగా కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, చాలాసేపు ఆలోచించాడు.

"తాత ఏం జెప్పిండో నాకు ఎర్కలేదు సార్. గెట్టు పంచాయితీ అంటే ఎర్కే, భూమి కాడ కొట్లాట. ఇప్పుడు గెట్లెక్కడియి? అన్ని ప్లాట్లాయె, హద్దురాళ్ళే" అన్నాడు.

గెట్టు పంచాయితీ అనే పలుకుబడిని వ్రాసుకున్నాను. అదే ఆ రెండవ అర్థమా? కావచ్చు, కాకపోవచ్చు. కావాలని నా మనసు లాగుతున్నది కాబట్టే దానిని ఆ స్థానంలో వ్రాయడానికి జంకాను. తెలియని అర్థాన్ని ఊహించి వ్రాయడం, మాట మారినా అర్థం మారని ఆ ఆరవ బొమ్మకన్న పెద్ద తప్పు. యంత్రం తెలియక చేసింది, నేను తెలిసి చేసినవాణ్ణి అవుతాను.

తరువాతి కాలంలో కిటికీపట్టు చాలా మారిందని ఆ పిల్లవాడే చెబుతుంటాడు. వాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. విండోస్ 10 లో 2018 లో వచ్చిన కొత్త పద్ధతిలో ఏ కిటికీని పట్టాలో మనలనే ఎంచుకోమంటుంది, పట్టుతున్నంతసేపూ చుట్టూ పసుపు అంచు చూపుతుంది. మ్యాక్ యంత్రాలలో 2019 నుంచి తెరను పట్టే కార్యక్రమానికి ముందుగా అనుమతి ఇవ్వాలి. లినక్సులోని వేలాండ్ పద్ధతిలో ఒక కార్యక్రమం మరొకదాని కిటికీలోకి తొంగిచూడటానికే వీలులేదు, యజమానిని అడిగి తీరాలి. పరుల కిటికీలోకి తొంగిచూడరాదన్న పెద్దల మర్యాద యంత్రాలకు ఇన్నాళ్ళకు వచ్చింది. మంచిదే. అయితే మర్యాద ఎంత పెరిగినా, కప్పబడినదానిని వెనుకకు తెచ్చే విద్య ఇంకా రాలేదు.

నిఘంటువు యూనికోడ్‌లో పూర్తయింది. 1,412 మాటలలో 1,407 కు అర్థాలు నిండుగా ఉన్నాయి. మిగిలిన అయిదింటికీ నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆ చోట్లు ఖాళీగా వదలలేదు. ఆ బొమ్మలనే యథాతథంగా, నడుమ ఉన్న బూడిదరంగు పెట్టెతో సహా అతికించాను. చదివేవారికి అక్కడ ఏదో ఉన్నదనీ, దానిని ఏది కప్పిందనీ తెలియాలి. తాళపత్రంలో చెదలు తిన్న చోట పరిష్కర్త చుక్కలు పెట్టి వదులుతాడు గదా, ఇదీ అటువంటిదే.

మీలో ఎవరి దగ్గరైనా పాత ఖతులలో టైపు చేసిన కథలు, వ్యాసాలు, నాన్నగారి పద్యాలు ఉంటే, యంత్రం నడుస్తుండగానే యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. తేలేకపోతే బొమ్మలైనా పట్టుకోండి. పట్టుకున్న తరువాత ప్రతి బొమ్మనూ తెరిచి చూడండి. కాగితాన్ని మాత్రం తూకానికి వేయకండి.

మేడ్చల్, శామీర్‌పేట వైపు పుట్టి పెరిగినవారు ఎవరైనా ఇది చదివితే, ఇంట్లో పెద్దవారిని ఒక్కమాట అడిగి చూడండి. గెట్టు అంటే హద్దుగట్టు కాక, ఇంకొక అర్థం ఏమిటని. చెబితే మీ పేరుతోనే చేరుస్తాను. రెండు అనే అంకె పక్కన చోటు అట్లాగే ఉంచాను.